చిల్లు లేని ఆకు

అన్నపూర్ణవమ్మ యఖిలజీవులతల్లి
మంటికడుపులోన మమత నిలిపి
పసిడి కంచమేల పసివాని నోటికి
పైరుపచ్చ చాలు పంపుమమ్మ

అమ్మా, నీ పేరు తలచి మొదలుపెడుతున్న ఈ కథలో కోపం పాలు ఎక్కువ. పసిపిల్లల కంచం దగ్గర జరిగిన అపచారాన్ని చల్లని మాటల్లో చుట్టి చెప్పే నేర్పు నాకు ఇయ్యకు. నిజంలో పొల్లు మాత్రం పోనీయకు.

ఆ బడి వంటగదికి తూర్పున ఒకే ఒక కిటికీ. రోజూ పొద్దున్నే తోటలనుండి గంపలు దిగగానే వంటక్క ఒక్కొక్క ఆకుకూర కట్టను చేతిలోకి తీసుకొని ఆ కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తి పట్టి చూసేది. ఆకుల్లో సూదిమొనంత, మినపగింజంత చిల్లులు ఉండి, వాటిగుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా రాలితే, ఆ కట్టను కడగడానికి దించేది. చిల్లు లేనిది కనబడితే పక్కన పెట్టేది. పురుగు ముట్టని ఆకు పిల్లవాడి కంచంలోకి పోరాదన్నది ఆమె నియమం. తన ఆకలి తీర్చుకొని పురుగు బతికి పోయిందంటే ఆ ఆకు మీద విషం లేనట్టే. అంతకుమించిన పరీక్ష ఆమెకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఎనిమిదేళ్ళుగా రాలేదు. నూట నలభైమంది పిల్లలు ఆమె చేతి వంట తిని ఎదిగారు. ఆమెను పేరుపెట్టి పిలిచేవారు లేరు. పిల్లలకూ వంటక్కే, పిల్లల అమ్మమ్మలకూ వంటక్కే.

బడికి కూరలు పంపేవి మూడు చిన్న తోటలు. మందులు, రసాయనపు ఎరువులు మానేసి, చివికిన పెంటతోను, పేడనీళ్ళతోను పండించే తోటలు. బడిలో తరిగిన తొక్కలు, తొడిమలు సాయంత్రానికి అవే గంపల్లో తోటలకు తిరిగి వెళ్ళి ఎరువయ్యేవి. తోటల్లో కలుపు తీసే స్త్రీలలో సగంమంది ఆ బడి పిల్లల తల్లులే. కాబట్టి తల్లి చేత పెరిగిన ఆకు, అక్క చేత ఉడికి, బిడ్డ నోటికి అందేది. ఇందులో ఏ పెద్దమనిషి ఉపకారమూ లేదు.

మూడింటిలో పెద్దది వంటక్క అన్నగారిది. ఆయనను అందరూ ఎర్రలయ్య అనేవారు. మందు మానేసిన మూడో ఏట, చచ్చిపోయిందనుకున్న మట్టిలో మొదటి ఎర్ర, అదే వానపాము, కనబడినప్పుడు, దానిని అరచేతిలో పెట్టుకొని, మనుమణ్ణి చూపించినట్టు ఇంటింటికీ తిరిగి చూపించాడు. ఆ పేరు అప్పటిది. మందు మానడానికి కారణం వాళ్ళ నాన్న. ఆ మనిషి ముప్పై ఏళ్ళు వీపున పంపు మోసి మందు కొట్టి, చివరికి చేతులు వణికి, ముద్ద నోటికి చేర్చుకోలేని స్థితికి వచ్చాడు. రెండేళ్ళపాటు ఆ ముద్ద కూతురే పెట్టింది. ఇంకొకరి నోటికి అన్నం అందించడం వంటక్క నేర్చుకున్నది అక్కడ.

ఈ తోటలవారికి ఒక అలవాటు ఉండేది. లోకంలో అమ్ముకునేవాడు ఎవడైనా మేలైన సరుకు పైకి పెట్టి, నాసిది అడుగున దాస్తాడు. వీరు అందుకు విరుద్ధం. ఎక్కువ చిల్లులున్న ఆకును ఏరి, కట్టకు పైన కనబడేటట్టు కట్టేవారు. అది వారి ముద్ర, వారి ప్రమాణపత్రం. ఎర్రలయ్య భార్య ఈ పనిలో దిట్ట. ఎక్కువ చిల్లులున్న ఆకు తన మడిలో దొరికితే పక్క తోటవాళ్ళకు వినబడేలా లెక్కపెట్టేది. చూసేవాడికి ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందన్న ఆలోచన ఆ అమాయకులకు ఎన్నడూ తట్టలేదు.

తెలియనివాడు ఒకనాడు వచ్చాడు. పై కార్యాలయం పంపిన తనిఖీ అధికారి. గంజిపెట్టిన చొక్కా, చంకలో అట్ట, అట్టమీద ముప్పై రెండు గడుల కాగితం. వంటక్క ఎదురు వెళ్ళి, అన్నిటికంటె పైనున్న కట్ట తీసి, పై ఆకులో ఏడు చిల్లులున్నాయని ఆయనకు గర్వంగా చూపించింది. ఆయన లోపలి ఆకులు విప్పలేదు, వాసన చూడలేదు, ఏ తోటదని అడగలేదు. పురుగుపట్టిన సరుకు అని రాసుకున్నాడు.

వంటక్క తెల్లబోయింది. హెడ్మాస్టరుగారు దగ్గారు. దగ్గడం ఆయనకు అలవాటు. తనకు నచ్చని మాట పైవాళ్ళు అన్నప్పుడల్లా ఆయన గొంతులో ఏదో అడ్డుపడేది.

"సార్, పురుగు తిని బతికిందంటే దాని మీద విషం లేదనేగా. మా దగ్గర అదే పరీక్ష," అన్నది వంటక్క.

"విషం సంగతి నా కాగితంలో లేదమ్మా. ఇదిగో, పదకొండో గడి. రంధ్రం ఉందా, లేదా. అంతే. విషానికి గడి లేదు."

"లేకపోతే ఒకటి గీయండి సార్. చేతిలో కలం ఉందిగా."

ఆయన నవ్వాడు. చదువురాని మనిషి మాటకు చదువుకున్నవాడు నవ్వే నవ్వు అది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అన్నం దైవమని చెప్పుకునే నోళ్ళు మనవి. ఆ దైవం ముందు నిలబడి, నైవేద్యంలో విషముందా అని అడగవలసిన చోట, ఆకు అందంగా ఉందా అని అడిగేవాడికి అధికారం ఇచ్చినవాళ్ళెవరు? పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు నవ్వుకున్నదానినే వీరు నిబంధనగా అచ్చువేయించారు.

పోతూ పోతూ ఆయన చెప్పిన మాట ఇది. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాడు. మళ్ళీ పదకొండో గడి తప్పితే ఈ వంటగదికి తాళం. ఆ పైన పిల్లలకు భోజనం నగరంలోని పెద్ద యంత్రాల వంటశాల నుండి మూతలు బిగించిన డబ్బాల్లో వస్తుంది. తెల్లవారకముందే వండినది, మధ్యాహ్నానికి చేరుతుంది. వంటక్క ఉద్యోగం పోదు. డబ్బాలు విప్పి వడ్డిస్తే చాలు.

ఆ సాయంత్రం వంటక్క అన్నగారింటికి వెళ్ళింది. వార్త ఆమెకంటె ముందే చేరింది. వదిన గడపలో నిలబడి మేలమాడింది.

"రావమ్మా ఆడపడుచూ. మా ఆకులకు చెవులు ఎక్కువ కుట్టించామని చీవాట్లు తిని వచ్చావటగా."

"కుట్టించింది నువ్వే కదా వదినా. కమ్మలు కూడా పెట్టి పంపితే ఆ సారు మురిసిపోయేవాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే వంటక్క అరుగుమీద కూలబడి ఏడ్చింది. తండ్రి పోయిననాడు కూడా పదిమందిలో కన్నీరు పెట్టని మనిషి. గరిట లాక్కున్నా బాధ లేదన్నది. ఆ డబ్బాల కూడు పిల్లలచేత తినిపించే పని తన చేతికే పెడతారట, అది తన వల్ల కాదన్నది. ఎర్రలయ్య చెల్లెలి వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఈ కథ ఇంకొక దారి పట్టేదేమో.

మర్నాటినుండి భార్యాభర్తలిద్దరూ మడుల్లో వంగి పురుగులను చేత్తో ఏరారు. పాత చీరలు పందిరిలా కప్పారు. ఆకుల కషాయం చల్లారు. పది రోజుల్లో చిల్లులు తగ్గాయి కాని పోలేదు. పురుగుకు పదకొండో గడి సంగతి ఎవరు చెబుతారు? తనిఖీ ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున్నే భార్య పక్క ఊరికి వెళ్ళిన వేళ, ఎర్రలయ్య మందుల దుకాణం గుమ్మం తొక్కాడు. దారి తప్పి వచ్చారా, లేక ఎర్రలు జీతం అడుగుతున్నాయా అని దుకాణదారుడు ఎకసెక్కమాడాడు. ఇంట్లో చీమలు పట్టాయని ఎర్రలయ్య అబద్ధం చెప్పాడు. నాన్న మోసిన పంపు ఇంకా అటకమీదే ఉంది. దించాడు, కడిగాడు, ఇంకా చిల్లు పడని రెండు మడులకు మందు కొట్టాడు. కొట్టిన పది రోజులదాకా కోయరాదని సీసామీద రాసి ఉంది. చదివాడు. బాగా కడిగితే పోతుందిలే అని తన మనసుకు తానే నచ్చజెప్పుకున్నాడు.

చదువరులారా, ఇతడిని తిట్టకుండా వదలమని నేను చెప్పను. పదకొండేళ్ళ తపస్సును ఒక్క ఉదయంలో మట్టిపాలు చేసినవాడు. అయితే ఆ తిట్టులో సగం పాలు ఎవరిదో మరవకండి. నిజాయితీగా బతికేవాడిని దొంగదారి తొక్కించి, ఆ దొంగతనానికే మెచ్చుకోలు ఇచ్చే నిబంధన ఉన్నదే, అది పురుగుమందుకంటె పెద్ద విషం.

తనిఖీనాడు ఎర్రలయ్య ఒక్కడి తోటనుండే నాలుగు గంపలు దిగాయి. విశాలమైన ఆకులు, నూనె పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. అధికారి ముఖం వికసించింది. ఇప్పటికి దారిలోకి వచ్చారన్నాడు. పదకొండో గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, ఆ కాగితం హెడ్మాస్టరుగారికి కూడా చూపించాడు. ఆ పూట హెడ్మాస్టరుగారు దగ్గలేదు. వంటగది నిలిచిందన్న సంతోషం ఆయన కళ్ళల్లో తెలిసిపోతూనే ఉంది.

వంటక్క మామూలుగానే మొదటి కట్టను కిటికీకి ఎదురుగా ఎత్తింది. వెలుతురు చుక్క కూడా రాలలేదు. రెండోది ఎత్తింది. మూడోది. గంప సగానికి వచ్చేసరికి ఆమె చేతులు మెల్లబడ్డాయి. ఒక ఆకు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నగారు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఈ కట్టలు ఎవరు కట్టారు?"

"నేనే."

"వదిన కట్టలేదా?"

"సంతకు పోయింది."

"అన్నయ్యా, నాన్న చేతులు గుర్తున్నాయా?"

ఎర్రలయ్య గడపమీద కూర్చుండిపోయాడు.

"నీ పొయ్యి ఆరిపోకూడదనే, చెల్లీ."

"పొయ్యి నాదే అన్నయ్యా. పొట్టలు నావి కావుగా."

ఆమె నాలుగు గంపలనూ ఒక్కటొక్కటిగా వరండాలోకి ఈడ్చి, అధికారి కాళ్ళ ముందు పెట్టింది. ఈ ఆకు మీద పురుగుమందు ఉందని, కొట్టినవాడు తన తోడబుట్టినవాడేనని, ఇది తాను వండనని చెప్పింది. అధికారికి మందు సంగతి చెవికెక్కలేదు. సంతకమైన సరుకును వంటమనిషి కాదనడమే ఆయనకు నేరంగా తోచింది.

"పాసైన సరుకును తోసెయ్యడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?"

"పాస్ చేసింది మీరు కదా సార్. ఒక్క కట్ట మీ ఇంటికి తీసుకెళ్ళండి. మీ పిల్లలకు వండించి పెట్టండి. రేపు వచ్చి, పెట్టాను అని ఒక్క మాట చెప్పండి. మిగతాది నేను వండుతాను."

ఒక కట్ట తీసి రెండు చేతులతో అందించింది. ఆయన చెయ్యి కొంచెం ముందుకు వచ్చి ఆగిపోయింది. ఆకు వంక చూశాడు. అట్ట మూసి చంకలో పెట్టుకున్నాడు. కట్ట తీసుకోలేదు.

ఇక్కడ ఆగి చూడండి. ఆయనకు తెలుసు. విషమంటే ఏమిటో, పిల్లలంటే ఎవరో, ముద్ద ఎక్కడికి పోతుందో, అన్నీ తెలుసు. తన బిడ్డ కంచం తలపుకు రాగానే ముప్పై మూడో గడి దానంతట అదే కనబడింది. నూట నలభైమంది బిడ్డల కంచాల దగ్గర అది కనబడలేదు. అజ్ఞానినైతే క్షమించవచ్చు. తెలిసి గడుల చాటున దాక్కున్నవాడిని ఏ శాస్త్రం క్షమిస్తుంది?

ఆ మధ్యాహ్నం పిల్లలు ఉప్పు వేసిన జావ తాగారు. అధికారి రాసి పంపిన నివేదికలో మూడు మాటలున్నాయి. సరుకు నాణ్యత ఉత్తమం. వంటమనిషి అవిధేయురాలు. ఆనాడు కూర వడ్డించబడలేదు. నాలుగో రోజున వంటగదికి తాళం పడింది.

తనిఖీ జరిగిన సాయంత్రమే, బడి వదిలే వేళకు వంటక్క అన్నగారిని వెంటబెట్టుకొని గేటు దగ్గర నిలబడింది. కాని ఆమె నోరు తెరవకముందే ఎర్రలయ్య తానే తల్లులందరి ఎదుట జరిగింది చెప్పాడు. ఏదీ దాచలేదు, ఎవరిమీదా నెట్టలేదు. కొందరు శాపనార్థాలు పెట్టారు. ఒక పిల్లవాడి మామ్మ ముందుకు వచ్చి, ఆయనను కిందనుండి మీదిదాకా చూసింది.

"ఇంటింటికీ తిప్పి చూపించావు గదయ్యా. ఇక ఆ ఎర్రలకు ఏ మొహం చూపిస్తావు?"

ఎవరూ నవ్వలేదు. ఎర్రలయ్య తల ఎత్తలేదు. ఆ రెండు మడుల ఆకును వేళ్ళతో సహా పెకలించి దూరంగా గొయ్యి తీసి పూడ్చాడు. ఒక పంటకాలందాకా అన్నగారి గంప ముట్టనని వంటక్క చెప్పింది. వదిన కూడా ఆమె పక్షమే. మూడు రోజులు భర్తతో మాట్లాడలేదు. నాలుగోనాడు మాట్లాడి, మాట్లాడకపోవడమే మేలనిపించింది.

డబ్బాలు వచ్చాయి. మూత తీస్తే లోపలి ఆవిరి చెమటలా కారేది. కూర ఏ కూరో, రంగునుబట్టి గాని రుచినిబట్టి గాని పోల్చడం ఎవరి తరమూ కాలేదు. పిల్లలు రెండు ముద్దలు మింగి, చేతులు కడుక్కొని, ఆకలితోనే తరగతులకు పోయారు. వడ్డించే పని తనది కాదని వంటక్క వెళ్ళిపోయింది. వెళ్ళి ఊరికే కూర్చోలేదు. బడి గోడకు ఆనుకొని ఉన్న రెండో తోటలో పలుగు, పార పెట్టుకునే రేకుల పాక ఉంది. అందులో సామాను బయటికి తీయించి, మూడు రాళ్ళు పాతి, పొయ్యి వెలిగించింది. తల్లులు పిడికెడేసి గింజలు తెచ్చారు. మిగిలిన రెండు తోటలవాళ్ళు అదనపు గంపలు తెచ్చారు. ఎర్రలయ్య లోటు పూడ్చడానికి తమ ఇళ్ళల్లో కూర మానుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, ఆ సంగతి వారు ఎవరికీ చెప్పలేదు.

ఇక పిల్లలను బయటికి పంపడమెలా? తల్లులు ఒక్కొక్కరు ఒక్కొక్క చీటీ రాసి బడికి పంపారు. మా బిడ్డ మధ్యాహ్నం ఇంటి భోజనం చేస్తుంది, గంటసేపు పంపండి అని. రాయడం రానివారు వేలిముద్ర వేశారు. నూట పన్నెండు చీటీలు; తోబుట్టువులున్న ఇంటికి ఒక్కటే. హెడ్మాస్టరుగారు అన్నీ చదివి, దారం కట్టి, బల్లమీద పెట్టుకున్నారు. ఏ ఇల్లు అని అడగలేదు. పన్నెండున్నరకు గేటు తెరిపించారు.

ఎర్రలయ్య రోజూ పాకకు వచ్చేవాడు. కూర తేలేడు గనుక నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు. చెల్లెలు అతనితో పనికి అవసరమైనంతే మాట్లాడేది. ఇంకో కడవ అనేది, చాలు అనేది. అతడు అంతకుమించి ఆశించలేదు.

ఇరవై రోజులకు పై కార్యాలయం నుండి హెడ్మాస్టరుగారికి ఉత్తరం వచ్చింది. డబ్బాలు నిండుగా తిరిగి వస్తున్నాయి, కారణమేమిటో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది, లేకపోతే శాఖాపరమైన చర్య తప్పదని. పదవీ విరమణకు రెండేళ్ళున్న మనిషి. అదే అధికారి సంతకం అడుగున ఉంది. ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు ఉత్తరం జేబులో పెట్టుకొని రేకుల పాకకు వచ్చారు. ఎవరినీ పలకరించకుండా పిల్లల వరసలో చివర కూర్చున్నారు. వంటక్క కంచం పెట్టింది. ఆయన తిన్నారు. మారు అడిగి తిన్నారు. చెయ్యి కడుక్కొని, అక్కడే బోర్లించిన గంపమీద కాగితం పెట్టి జవాబు రాసి, పంపేముందు వంటక్కకు చదివి వినిపించారు.

"డబ్బాలు తెరిచి చూశాను. నేను తినలేకపోయాను. నేను తినలేనిదానిని పిల్లలచేత తినిపించడం నా ఉద్యోగధర్మమే అయితే, ఆ సంగతి సంతకం పెట్టి రాతపూర్వకంగా తెలియజేయగోరుతాను."

ఈ సంతకం ఆ అధికారి పెడతాడంటారా అని వంటక్క అడిగింది. పెట్టడని ఆయన అన్నారు. పెట్టలేదు కూడా. ఆ జవాబుకు జవాబు నేటిదాకా రాలేదు. తాళం వంటగదికి అలాగే వేలాడుతున్నది. డబ్బాల బండి వచ్చి పోతూనే ఉన్నది. రేకుల పాకలో పొయ్యి కూడా మండుతూనే ఉన్నది.

ఈ కథ చెవినపడిన ప్రతి ఇంటా పొయ్యి చల్లారకుండుగాక. మీ బిడ్డల కంచానికి మట్టితల్లి కల్తీ ఎరుగని చెయ్యి చాచుగాక. మందు మానిన మడి తిరిగి ప్రాణం పోసుకొనుగాక, తప్పు ఒప్పుకున్నవాడి తల మళ్ళీ పైకి లేచుగాక. విని కోపం తెచ్చుకున్న మీ అందరికీ శుభమగుగాక; ఆ కోపం మాత్రం పనికి వచ్చేదాకా చల్లారకుండుగాక.